ఒకే మిషన్, నాలుగు బట్టలు: కుట్టు తప్పింది ఎక్కడ?

ఈ కేసు ఒక చిన్న కుట్టు యూనిట్‌ది. అక్కడ రెండు పవర్ మిషన్లు, బట్ట అంచును దారంతో చుట్టి కుట్టే నాలుగు దారాల ఓవర్‌లాక్ ఒకటి, మూలన ఒక పాత జిగ్‌జాగ్ మిషన్ ఉన్నాయి. చాలాకాలంగా వాళ్ళు కుట్టేది కాటన్ పాప్లినే. షర్టులు, పిల్లల గౌన్లు. ఫిర్యాదు అన్న మాటే లేదు. అప్పుడు స్టేజీ మీద డాన్సు చేసేవాళ్ళ డ్రెస్సుల ఆర్డర్ ఒకటి ఒప్పుకున్నారు. ఒంటికి అతుక్కునే లైక్రా బాడీ, శాటిన్ లైనింగ్ మీద జార్జెట్ కుచ్చుల స్కర్టు, నడుముకు డెనిమ్ బెల్టు. నాలుగు బట్టలు, నాలుగు స్వభావాలు. అన్నీ ఎక్కింది మాత్రం ఆ పాప్లిన్ మిషన్ల మీదే.

నాకు చేరిన ఫిర్యాదు ఒక్క ముక్కలో, "టైమింగ్ పోయిందన్నా." అంటే సూదీ, కింద దారాన్ని పట్టే హుక్కూ కలుసుకునే క్షణం తప్పిందని. మెకానిక్‌కు వచ్చే ఫోన్లలో సగం ఈ మాటతోనే మొదలవుతాయి. నిజంగా టైమింగ్ పోయినవి అందులో చాలా తక్కువ. వెళ్ళాక ఒక్కో విషయం బయటికొచ్చింది. లైక్రా మీద కుట్లు తప్పుతున్నాయి, మూడు నాలుగు కుట్లు పడి ఒకటి పొడుగ్గా వదిలేస్తోంది. శాటిన్ కుట్టినప్పుడు బాగానే కనిపించి మర్నాటికి ముడతలు తేలుతోంది. జార్జెట్ మొదటి కుట్టుకే బట్టను జరిపే పళ్ళ కిందికి పోయి చిక్కుకుంటోంది. బెల్టు దగ్గర దారం పోగులు లేచి తెగుతోంది, అప్పుడప్పుడూ సూది విరుగుతోంది.

నాకంటే ముందు ఎవరో వచ్చి హుక్ స్క్రూలు వదులు చేసి జరిపారు, పైన టెన్షన్, అంటే దారం బిగువు, పెంచారు, కింది దారం చుట్టిన బాబిన్ కూర్చునే బాబిన్ కేస్ స్క్రూ కూడా తిప్పారు. దాంతో అప్పటిదాకా చక్కగా పడిన పాప్లిన్ మీద కూడా కుట్టు పాడైంది. యజమానురాలు పాత పాప్లిన్ ముక్క ఒకటి తెచ్చి, "ఇది మొన్న పండక్కి కుట్టింది, ఇదేమో నిన్నటిది. చూడండి, మిషన్ చెడిపోయిందా లేదా?" అని అడిగారు. ఆమె చూపించినది నిజమే. కాకపోతే మిషన్ చెడింది బట్ట మారడం వల్ల కాదు, బట్ట మారినందుకు మిషన్‌ను తిప్పడం వల్ల.

ముందు పాప్లిన్ మీదికి తిరిగి రావడం

ఇలాంటి చోట నేను మొదట చేసే పని, కష్టమైన బట్టను పక్కన పెట్టి తేలికైన బట్ట మీద మిషన్‌ను సరిచేయడం. పాప్లిన్ మీద సరిగా కుట్టని మిషన్‌తో లైక్రా సంగతి తేల్చలేం. ఏ తప్పు బట్టది, ఏ తప్పు సెట్టింగ్‌ది అన్నది విడదీయడం అసాధ్యమవుతుంది.

కొత్త సూది వేశాను, 80 నంబరు. పాత లెక్కలో 12. ఈ 80 అంటే సూది కాడ లావు 0.80 మిల్లీమీటర్లు, 65 అంటే 0.65, 110 అంటే 1.10. సూది ప్యాకెట్ మీద రెండు అంకెలు గీతకు అటూ ఇటూ ఉంటాయి కదా, పెద్దది ఈ లావే. సూది పొడవు గాడి ఎడమకు, అంటే దారం ఎక్కించే వైపుకు ఉందో లేదో చూశాను. ఈ పవర్ మిషన్ల సూది కాడ గుండ్రంగా ఉంటుంది కాబట్టి కొంచెం తిరిగినా గుచ్చుకుని నిలబడుతుంది, కుట్టు మాత్రం పాడవుతుంది. ఇంటి మిషన్ సూదికి ఒక పక్క చదునుగా ఉంటుంది, అక్కడ ఈ పొరపాటుకు చోటు తక్కువ.

తర్వాత సూది దిగే రంధ్రమున్న నీడిల్ ప్లేటు తీసి, చక్రం చేత్తో తిప్పుతూ హుక్ చూశాను. సూది పూర్తిగా కిందికి దిగి, అక్కడి నుంచి సుమారు రెండు మిల్లీమీటర్లు పైకి లేచే సరికి హుక్ కొన సరిగ్గా సూది వెనక మధ్యకు రావాలి. అప్పుడు సూది కన్ను పై అంచు హుక్ కొనకు ఒకటిన్నర మిల్లీమీటర్ల దిగువన ఉండాలి. సూదికీ హుక్ కొనకూ మధ్య ఖాళీ 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల లోపు, మామూలు కాగితం మందం దాటకూడదు. ఇక్కడ హుక్ కొన చాలా ముందే వచ్చేస్తోంది, ఖాళీ కూడా బాగా పెరిగింది. రెండూ సరిచేశాను.

టెన్షన్ చూడటానికి పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం వేసి కుట్టించాను. ఇది పాత చిట్కానే, కానీ దీన్ని మించింది లేదు. బాబిన్ కేస్‌ను దాని దారం పట్టుకుని వేలాడదీస్తే తనంతట జారిపోకూడదు, చేతిని కొద్దిగా కదిలిస్తే కొంచెం దిగి ఆగాలి. కింద అలా పెట్టుకున్నాక పైన టెన్షన్ నట్ తిప్పి రెండు రంగులూ బట్ట మధ్యలో కలిసేలా చేశాను. ఎర్ర దారం కింద చుక్కల్లా కనిపిస్తే పైన వదులు, తెల్ల దారం పైకి వస్తే పైన బిగువు. కింద దారం గుట్టలా చిక్కుపడితే అందరి చేయీ బాబిన్ మీదికే పోతుంది. తప్పు మాత్రం సాధారణంగా పైన ఉంటుంది. దారం టెన్షన్ డిస్కుల మధ్య కూర్చోకపోతే, హుక్ లాక్కున్న దారాన్ని టేకప్ లివర్ తిరిగి పైకి లాగలేదు. ఆ మిగులు దారమంతా కిందే పోగవుతుంది.

పాప్లిన్ మీద కుట్టు మళ్ళీ పాతలా పడింది. లైక్రా మీద తప్పడం ఆగలేదు. నాకు కావలసింది సరిగ్గా అదే. ఇక మాట్లాడవలసింది బట్టతోనే.

ఉచ్చు పుట్టే చోటు

ఇక్కడ కాస్త ఆగి, కుట్టు ఎలా పడుతుందో చెప్పాలి. ఈ కేసంతా ఆ రెండు మిల్లీమీటర్ల మీదే నడిచింది.

సూదికి రెండు పక్కలా గాడి ఉంటుంది. దారం లోపలికి వచ్చే వైపు పొడవు గాడి, రెండో వైపు కన్ను దగ్గర చిన్న గాడి. ఆ రెండో వైపే కన్ను పైన ఒక చెక్కిన పల్లం ఉంటుంది, దాన్ని స్కార్ఫ్ అంటారు. సూది కిందికి దిగేటప్పుడు దారం రెండు పక్కలా సూదిని అంటిపెట్టుకునే ఉంటుంది. సూది పైకి లేవడం మొదలుపెట్టగానే తేడా వస్తుంది. పొడవు గాడిలో ఉన్న దారానికి బట్ట తగలదు, అది సూదితోపాటు సాఫీగా కదులుతుంది. రెండో వైపు దారం సూదికీ బట్టకీ మధ్య నొక్కుకుపోయి ఉంటుంది, బట్ట దాన్ని పట్టుకుంటుంది, పైకి వెళ్ళనివ్వదు. సూది లేస్తుంది, దారం లేవదు. అందుకే ఆ వైపు దారం ఉబ్బి చిన్న ఉచ్చు అవుతుంది. సరిగ్గా ఆ క్షణానికి హుక్ కొన స్కార్ఫ్ పల్లంలోంచి వచ్చి ఉచ్చులో దూరుతుంది, దాన్ని పెద్దది చేసి బాబిన్ చుట్టూ తిప్పుతుంది. ఇలా పై దారం కింది దారాన్ని చుట్టుకుంటుంది. ఆపైన టేకప్ లివర్ లాగితే ఆ ముడి బట్ట మందంలోకి వెళ్ళి కూర్చుంటుంది. పవర్ మిషన్‌లో ఒక్కో కుట్టుకు హుక్ రెండు చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టు ఉచ్చు పట్టడానికి, రెండోది ఖాళీగా.

కొనలో కన్ను ఉన్న సూదినీ కింద నడిచే షటిల్‌నూ జోడించిన మిషన్‌కు ఎలయాస్ హోవ్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నది 1846లో. గుండ్రంగా తిరిగే హుక్ అలెన్ విల్సన్‌ది, 1851. పళ్ళు లేచి, బట్టను జరిపి, దిగి, వెనక్కి వచ్చే నాలుగు కదలికల పద్ధతి కూడా ఆయనదే, 1854. మోటార్లు, కంప్యూటర్లు వచ్చినా లోపల జరిగేది ఇప్పటికీ అదే.

ఈ వివరణలో చాలామంది గమనించనిది ఒకటుంది. ఉచ్చును పుట్టించేది మిషన్ ఒక్కటే కాదు. బట్ట కదలకుండా ప్లేటు మీద కూర్చుని, ఒక పక్క దారాన్ని పట్టి ఉంచితేనే ఉచ్చు ఉబ్బుతుంది. ఉచ్చు లేని చోట హుక్‌ను ఎంత కచ్చితంగా పెట్టినా అది గాలిలో తిరిగి వెళ్ళిపోతుంది.

లైక్రా

లైక్రా ముక్కను, బట్టను నొక్కి పట్టే ఫుట్ కింద పెట్టి, టార్చి వేసి, చక్రం నెమ్మదిగా చేత్తో తిప్పాను. సూది లేస్తుంటే దాని చుట్టూ ఉన్న బట్ట కూడా గుడారంలా పైకి లేచింది. సాగే బట్ట సూది కాడను బిగించి పట్టుకుంది. సూదితోపాటు బట్ట, బట్టతోపాటు దారం, మూడూ కలిసి లేచాయి. ఇక ఉబ్బడానికి దారం ఎక్కడుంది? ముందు వచ్చినవాళ్ళు హుక్‌ను ముందుకు జరిపింది ఈ కుట్టు పట్టుకోవడానికే అయ్యుండాలి. అలా జరిపితే ఉచ్చు ఇంకా చిన్నదిగా ఉన్నప్పుడే హుక్ వచ్చేస్తుంది. రోగం ముదురుతుంది.

ఆపరేటర్ అమ్మాయి నా పక్కనే నిలబడి చూసింది. "అన్నా, మరి పాప్లిన్ ఎందుకు లేవదు?" అంది. మంచి ప్రశ్న. పాప్లిన్‌లో నిలువు పడుగు, అడ్డ పేక పోగులు బిగువుగా అల్లుకుని ఉంటాయి, సూది దిగితే పక్కకు జరిగి మళ్ళీ వదిలేస్తాయి. లైక్రా నేత బట్ట కాదు, ఉచ్చుల అల్లిక, అందులో సాగే పోగు కూడా ఉంది. సూది దిగినప్పుడు రంధ్రం సాగుతుంది, సాగినది వెంటనే మూసుకోవాలని చూస్తుంది. సూదిని పట్టేది ఆ మూసుకునే బలమే.

మార్పులు ఒక్కొక్కటే చేశాం, ఒక్కో దాని తర్వాత కుట్టి చూశాం. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, రేపు ఇంకో బట్ట వస్తే మళ్ళీ మొదటికే వస్తాం.

మొదట సూది. వాళ్ళు వాడుతున్నది మామూలు పదును మొన. దాని బదులు గుండు మొన సూది, 75 నంబరు వేశాను. గుండు మొన పోగును పొడవదు, ఉచ్చుల మధ్య సందు వెతుక్కుని పక్కకు తోసుకుంటూ దిగుతుంది. ఇందులోనూ రకాలున్నాయి. సన్నటి బనియన్ గుడ్డకు చిన్న గుండు సరిపోతుంది, సాగే పోగు ఉన్న దానికి మధ్యస్థం గుండు మేలు. ప్యాకెట్ల మీద ఎస్ఈఎస్ అని ఉంటే చిన్నది, ఎస్‌యూకే అని ఉంటే మధ్యస్థం. సూది సన్నబడింది కాబట్టి బట్టతో రాపిడి కూడా తగ్గింది. ఈ ఒక్క మార్పుతో తప్పే కుట్లు చాలావరకు పోయాయి. పదును సూదితో ఇంకో నష్టం కూడా ఉంది. తెగిన ఉచ్చు అప్పుడు కనిపించదు. బట్ట సాగినప్పుడు కుట్టు పక్కన చిన్న రంధ్రమై, అక్కడి నుంచి నిచ్చెనలా జారుతుంది. వాళ్ళు పక్కన పడేసిన ముక్కల్లో అలాంటివి కనిపించాయి.

తర్వాత నీడిల్ ప్లేటు. పాత ప్లేటు రంధ్రం రెండు మిల్లీమీటర్లు దాటి ఉంది. సూది దిగినప్పుడు బట్ట ఆ రంధ్రంలోకి కుంగుతుంది, లేచినప్పుడు పైకి వస్తుంది, అంటే ఊగడానికి చోటెక్కువ. సన్న రంధ్రం ఉన్న ప్లేటు, దానికి జతగా సన్న పళ్ళు వేశాం. రంధ్రం సూది లావుకు రెట్టింపు దాటకూడదన్నది నేను పాటించే లెక్క. ఫుట్ అడుగున సూది దిగే చీలిక కూడా ఇరుకుగా ఉంటే బట్టను సూది పక్కనే నొక్కి పట్టుకుంటుంది.

ఫుట్ ఒత్తిడి దగ్గర జాగ్రత్త కావాలి. ఎక్కువ పెడితే బట్ట లేవదు నిజమే, కానీ సాగుతూ కుట్టుపడుతుంది, వదిలాక అంచు అలల్లా తేలుతుంది. తక్కువైతే మళ్ళీ గుడారమే. సన్న రంధ్రం వేశాక ఒత్తిడి కొంచెం తగ్గించినా కుట్టు నిలిచింది, అందుకే ప్లేటు ముందు మార్చి ఒత్తిడి తర్వాత చూడాలంటాను. హుక్ ఖాళీ మళ్ళీ సరిచూశాను. సూది 80 నుంచి 75కు తగ్గితే ఖాళీ కాస్త పెరుగుతుంది కదా.

కుట్లు తప్పడం ఆగింది. వాళ్ళు సంతోషపడ్డారు, నేను పడలేదు. కుట్టిన ముక్కను రెండు చేతులా పట్టుకుని కుట్టు పొడవునా లాగాను. బట్ట ఇంకా సాగుతుండగానే దారం టక్కున తెగింది.

ఇది మెకానిక్ సరిచేసే తప్పు కాదు. ఆ కుట్టు నిర్మాణమే అంత. కుట్ల రకాలకు నంబర్లిచ్చే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4915లో 301 నంబరుగా ఉన్న ఈ లాక్‌స్టిచ్‌లో రెండు దారాలూ దాదాపు తిన్నగా పరుచుకుని, కుట్టు కుట్టుకూ ఒక్కసారి పెనవేసుకుంటాయి. ఒక మీటరు కుట్టుకు పైదీ కిందిదీ కలిపి సుమారు రెండున్నర మీటర్ల దారం పడుతుంది. సాగడానికి అందులో మిగులు లేదు. ఓవర్‌లాక్‌లో దారం బట్ట అంచు చుట్టూ వంపులు తిరుగుతుంది. మూడు దారాల ఓవర్‌లాక్‌కే మీటరుకు పద్నాలుగు మీటర్ల దాకా దారం పోతుంది. బట్ట సాగితే ఆ వంపులు తిన్నగా సాగుతాయి, దారం తెగదు. యూనిట్‌లో నాలుగు దారాల ఓవర్‌లాక్ ఉంది, కానీ దాన్ని అంచు పోగులు లేవకుండా చుట్టడానికే వాడుతున్నారు. అసలు కలిపే కుట్టు పవర్ మిషన్‌తో వేసి, దాని పక్కన ఓవర్‌లాక్ వేస్తున్నారు. అంటే బట్ట సాగినప్పుడు ముందు తెగేది అసలు కుట్టే.

కాబట్టి లైక్రా పక్క కుట్లన్నీ నేరుగా ఓవర్‌లాక్‌కు మార్పించాను. మెడ దగ్గర ఎలాస్టిక్ పట్టీ అంటించే చోట మూలన పడి ఉన్న జిగ్‌జాగ్ మిషన్ బయటికొచ్చింది. సన్న జిగ్‌జాగ్ కూడా లాక్‌స్టిచ్చే, కానీ దారం వంకరగా నడుస్తుంది కాబట్టి తిన్నబడటానికి కొంత మిగులుంటుంది. తిన్న కుట్టు తప్పనిసరైన రెండు మూడు చోట్ల కుట్టు పొడవు తగ్గించి, రెండు టెన్షన్లూ వదులు చేసి, కుట్టాక లాగి చూడమన్నాను. అంగుళానికి కుట్లు పెరిగితే దారం పొడవు కూడా పెరుగుతుంది, సాగడానికి కాస్త మిగులు దొరుకుతుంది.

శాటిన్ ముడతలు

ముడతలు కనబడగానే అందరూ టెన్షన్ వదులు చేస్తారు. ముడతకు నాలుగు కారణాలుంటాయి, టెన్షన్ వాటిలో ఒకటి మాత్రమే. ఏదో తేల్చడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు, ఒక కత్తెర, ఒక చాక్‌పీసు చాలు.

మొదట శాటిన్ ఒక్క పొరే పెట్టి, పడుగు వెంట తిన్నగా కుట్టించాను. ఒక్క పొర మీద ముడత రాకపోతే తప్పు రెండు పొరల మధ్య జరగడంలో ఉంది. ఇక్కడ ఒక్క పొర మీద కూడా వచ్చింది. తర్వాత ఆ కుట్టును కుట్టుకుట్టుకూ మధ్య కత్తెర మొనతో తెంపుతూ పోయాను, దారం మాత్రం బట్టలోనే ఉంచి. దారం బిగువు వల్ల వచ్చిన ముడతైతే తెంపగానే విచ్చుకోవాలి. సగం విచ్చుకుంది, సగం మిగిలింది. మిగిలిన సగం కోసం అదే బట్ట మీద పడుగుకు కొంచెం ఏటవాలుగా కుట్టాం. అక్కడ ముడత దాదాపు లేదు.

లెక్క తేలింది. ఈ శాటిన్‌లో పోగులు కిక్కిరిసి ఉన్నాయి. కుట్టు దారం దిగినప్పుడు తన చోటు తాను చేసుకోవాలంటే పడుగు పోగులను పక్కకు తోయాలి. తిన్నగా పడుగు వెంట కుడితే ప్రతి కుట్టూ అవే రెండు మూడు పోగుల మధ్యే చొరబడుతుంది, వాటికి జరగడానికి చోటు లేక బట్ట ఉబ్బుతుంది. ఏటవాలుగా కుడితే ఒక్కో కుట్టు ఒక్కో పోగు మీద పడి ఆ ఒత్తిడి పంచుకుంటుంది. దీనికి టెన్షన్‌తో సంబంధమే లేదు, ఎంత వదులు చేసినా పోదు. సూది సన్నం చేయాలి, దారం సన్నం చేయాలి, కుట్ల సంఖ్య తగ్గించాలి. 65 సూది, సన్న పాలిస్టర్ దారం వేశాం. కుట్టు పొడవు 2 మిల్లీమీటర్ల నుంచి 3కు పెంచాం, అంటే అంగుళానికి పన్నెండు పదమూడు పడేవి ఎనిమిది తొమ్మిదికి వచ్చాయి. లైక్రాకు కుట్లు పెంచమన్నది, శాటిన్‌కు తగ్గించమన్నది నేనే. ఆపరేటర్లు నవ్వారు. నవ్వినా గుర్తు పెట్టుకున్నారు.

తెంపితే విచ్చుకున్న సగం సంగతి వేరు. "మర్నాటికి ముడత" అన్న మాట నా చెవిలో పడి ఉంది. కుట్టిన వెంటనే చదునుగా ఉండి తర్వాత ముడతపడితే నేను బాబిన్ చుట్టే చోటికి వెళ్తాను. పాలిస్టర్ దారం లాగితే సాగుతుంది. ఇక్కడ బాబిన్ చుట్టే టెన్షన్ బాగా బిగించి, పూర్తి వేగంతో చుడుతున్నారు. దారం సాగిన స్థితిలోనే బాబిన్ మీదికి ఎక్కుతోంది, అలాగే కుట్టులోకి వెళ్తోంది. తర్వాత నెమ్మదిగా తన అసలు పొడవుకు వస్తూ బట్టను దగ్గరకు లాగుతోంది. చుట్టే టెన్షన్ వదులు చేసి, వేగం తగ్గించి కొత్త బాబిన్లు చుట్టించాం. పాతవి అన్నీ విప్పేయించాను. అది వాళ్ళకు నచ్చలేదు, దారం వృథా అన్నారు. ఒక పాత బాబిన్ దారం, ఒక కొత్త బాబిన్ దారం పక్కపక్కన రెండు ముక్కల మీద కుట్టి మర్నాడు చూసుకోమన్నాక ఆ మాట ఆగింది.

రెండు పొరలు కలిపి కుట్టేటప్పుడు మూడో కారణం కూడా కొంచెం కనిపించింది. రెండు పొరల మీదా ఒకే దూరంలో చాక్‌పీసుతో గీతలు గీసి కుడితే, చివరికి వచ్చేసరికి పై పొర మిగిలింది. పళ్ళు లాగేది కింది పొరను, పై పొరను ఫుట్ రాపిడి వెనక్కి పట్టి ఉంచుతుంది. శాటిన్ జారుడు కాబట్టి రెండిటికీ పొత్తు కుదరదు. టెఫ్లాన్ ఫుట్ వేసి, పళ్ళ ఎత్తు కొంచెం తగ్గించాం. పళ్ళు ప్లేటు పైకి ముప్పావు మిల్లీమీటరు లేస్తే ఇలాంటి బట్టకు చాలు. నాలుగో కారణం, ఉతికాక దారం కుంచించుకుపోవడం. ఇది కాటన్ దారంతో ఎక్కువ, ఇక్కడ వర్తించదు.

జార్జెట్, దాని బుద్ధి

జార్జెట్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. బాగా మెలిపెట్టిన పోగులతో పలచగా నేసిన బట్ట, ఎటు లాగితే అటు పోతుంది. పోగుల మధ్య చోటు చాలానే ఉంది కాబట్టి శాటిన్‌లా ఉబ్బదు. దీని సమస్య మొదటి కుట్టు దగ్గర. పెద్ద రంధ్రం ప్లేటు ఉంటే సూది దిగగానే బట్ట మూల కూడా దాంతో లోపలికి పోతుంది. లైక్రాకు వేసిన సన్న రంధ్రం ప్లేటే దీనికీ మందు. మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల చివరలు వెనక్కి పట్టుకోవడం, అంచు నుంచి కాకుండా అర సెంటీమీటరు లోపల మొదలుపెట్టడం, మరీ మొండికేస్తే కింద పలచని కాగితం పెట్టి కుట్టి చింపేయడం, ఇవి చాలు.

టెన్షన్ విషయంలో మాత్రం ఒక మాట. రెండు దారాల ముడి బట్ట మందంలో దాక్కోవాలంటాం. జార్జెట్ రెండు పొరలు కలిపినా దాదాపు దారం మందమే ఉంటుంది, దాక్కోవడానికి చోటేదీ? డెనిమ్‌లో టెన్షన్ కొంచెం అటూ ఇటూ అయినా ముడి లోపలే ఉంటుంది, జార్జెట్‌లో అంత వెసులుబాటు లేదు. అందుకే రెండు వైపులా ఒకే రంగు దారం వేసుకుని, టెన్షన్ రెండు వైపులా తక్కువ పెట్టుకుంటే సరి. అక్కడ ఎర్ర-తెల్ల పరీక్షతో తల బద్దలు కొట్టుకోనవసరం లేదు.

బెల్టు

డెనిమ్ బెల్టు చివర మడతపెట్టే చోట నాలుగైదు పొరలు, లోపల గట్టి కాన్వాస్. పైన అందానికి లావు దారం వేస్తున్నారు. సూది మాత్రం 90 నంబరు. దారం పోగులు లేవడానికి కారణం అక్కడే కనబడింది. కుట్టులో పడేలోపు ఒకే దారపు ముక్క సూది కన్నులోంచి పదుల సార్లు కిందికీ పైకీ తిరుగుతుంది. కన్ను ఇరుకైతే ప్రతిసారీ గీసుకుంటుంది. ఒక మూర దారం సూదికి ఎక్కించి, దారాన్ని ఏటవాలుగా బిగించి పట్టుకుంటే సూది తన బరువుతో జారి కిందికి రావాలి. ఇక్కడ 90 సూది మధ్యలోనే ఆగిపోయింది. 110 సూది జారింది. పదును మొన, 110 సూది, కుట్టు పొడవు మూడున్నర మిల్లీమీటర్లు. లావు దారం పెట్టగానే టెన్షన్ దానంతట అదే పెరుగుతుంది, కాబట్టి పైన, బాబిన్ కేస్‌లో రెండు చోట్లా వదులు చేయాల్సి వచ్చింది.

మడత ఎక్కే చోట కుట్లు తప్పడం వేరే సంగతి. ఫుట్ ముందు భాగం మడత మీదికి ఎక్కగానే వెనక భాగం గాలిలో లేస్తుంది. సూది పక్కన బట్టను నొక్కేది ఉండదు. లైక్రాలో చూసిన గుడారమే ఇక్కడ మొద్దు బట్టలో కూడా వచ్చింది. పైగా వంకరగా కూర్చున్న ఫుట్ కింద సూది పక్కకు వంగి హుక్‌కు తగులుతోంది. విరిగిన సూదుల మొనల మీద ఆ గీతలు కనిపించాయి. ఫుట్ వెనక అదే మందంలో మడిచిన డెనిమ్ ముక్క పెట్టి ఫుట్‌ను సమం చేసి, మడత దగ్గర చక్రం చేత్తో తిప్పమన్నాను. సూదులు విరగడం ఆగింది. హుక్ కొన మీద పడిన గీతను సన్న నూనె రాయితో నునుపు చేశాను. అది వదిలేస్తే ఎంత మంచి దారమైనా తెగుతూనే ఉంటుంది.

మిషన్లు పంచుకోవడం

ఇక్కడికి వచ్చాక అసలు నిర్ణయం తీసుకోవాలి. శాటిన్‌కు 65 సూది, బెల్టుకు 110. ఈ రెండిటి లావుల మధ్య తేడా 0.45 మిల్లీమీటర్లు, సూది మధ్య నుంచి లెక్కేస్తే ఒక పక్కకు 0.22 పైనే. హుక్ ఖాళీ ఉండాల్సింది 0.1 లోపు అన్నాం. స్కార్ఫ్ పల్లం దీన్ని కొంత సర్దినా, 65 సూదికి సరిచేసిన హుక్ 110 సూదికి రాసుకునే ప్రమాదం ఉంది, 110కి సరిచేసినది 65కి దూరమై ఉచ్చును వదిలేయొచ్చు. సూది మార్చిన ప్రతిసారీ హుక్ సరిచేసేవాళ్ళు ఏ యూనిట్‌లోనూ ఉండరు.

అందుకని మిషన్‌ను మనిషికి కాకుండా బట్టకు అప్పగించమన్నాను. ఒక పవర్ మిషన్ సన్న బట్టలకే: 65, 75 సూదులు, సన్న రంధ్రం ప్లేటు, సన్న పళ్ళు, టెఫ్లాన్ ఫుట్. రెండోది పాప్లిన్‌కూ బెల్టుకూ: 80 నుంచి పైకి. దాని హుక్ మధ్యస్థంగా, 90 సూదికి పెట్టాను. అటు 80, ఇటు 110 రెండింటితోనూ కుట్టి చూసి నట్లు బిగించాను. లైక్రా కలిపే పని ఓవర్‌లాక్‌కు, ఎలాస్టిక్ జిగ్‌జాగ్‌కు. యజమానురాలు మొదట ఒప్పుకోలేదు. "ఆ అమ్మాయికి ఆ మిషనే అలవాటండీ, ఇప్పుడు లేచి వేరేదాని మీద కూర్చోమంటే పని పడిపోతుంది" అన్నారు. పడిపోయింది కూడా, మొదట్లో. తర్వాత విప్పి కుట్టే పని తగ్గేసరికి ఆ మాట మళ్ళీ రాలేదు.

ఒక్కటి పూర్తిగా తీరలేదు. లైక్రా బాడీ ముందు భాగం మీద మెరిసే ఫాయిల్ ప్రింట్ ఉంది. ఫాయిల్‌ను అంటించిన జిగురు సూదికి అంటుకుంటోంది, వేగంగా కుడితే సూది వేడెక్కి ఇంకా ఎక్కువ అంటుకుంటోంది, కాసేపటికి దారం తెగడమో కుట్టు తప్పడమో జరుగుతోంది. జిగురు అంటని పూత ఉన్న గుండు మొన సూది, దారానికి సిలికాన్ నూనె, తక్కువ వేగం, ఈ మూడిటితో కుట్టే దూరం పెరిగిందే కానీ సమస్య పోలేదు. మధ్యమధ్యలో ఆపి స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో సూది తుడవమని చెప్పాను. తర్వాతి డ్రెస్సులకు కటింగ్‌లోనే కుట్టు గీత ఫాయిల్ మీద పడకుండా ముందు ముక్క కొలతను కొంచెం జరిపించారు.